రోడ్లు వేసిన జడ్జి

మహాపురుషుల జీవిత చరిత్రలు రాసేవారిలో చాలమందికి ఒక అలవాటు ఉన్నది. నాయకుడు పెద్ద గద్దె నెక్కిన తరువాతి సంగతులను వందల పుటలలో వర్ణిస్తారు. అంతకు పూర్వము ఆయన ఏ మారుమూల జిల్లాలో, ఏ చిన్న పదవిలో ఉండి ఏమి చేసినాడో నాలుగు వాక్యాలలో ముగిస్తారు. చదివేవారు కూడ ఆ నాలుగు వాక్యాలను దాటి త్వరగా ముందుకు పోతారు. కాని మనిషి తత్త్వము స్పష్టంగా తేలేది తరచు ఆ చిన్న పదవిలోనే. అక్కడ పొగిడే పత్రికలు ఉండవు. కాపాడే పరివారము ఉండదు. చేసిన పని ఊరివారి కళ్ళయెదుట ఉంటుంది. దానిని మైళ్ళలో కొలవవచ్చును, డబ్బులో లెక్కించవచ్చును.

అమెరికా అధ్యక్షుడు హారీ ట్రూమన్ పేరు మన విద్యార్థులకు చరిత్ర పాఠాలలో తగులుతుంది. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరాలపై అణుబాంబులు పడినప్పుడు అధికారములో ఉన్నవాడు ఆయన. 1949లో జవహర్‌లాల్ నెహ్రూ అమెరికా పర్యటించినప్పుడు స్వాగతమిచ్చినవాడు ఆయన. కొరియా యుద్ధానికి సేనలను పంపినవాడు ఆయన. ఆ నిర్ణయాల మంచిచెడ్డలపై చరిత్రకారుల వాదములు నేటికీ ముగియలేదు. ఈ వ్యాసము వాటి జోలికి పోదు. సెనేటరు కాకముందు ఆయన పదేళ్ళపాటు మిస్సోరీ రాష్ట్రములో జాక్సన్ కౌంటీ అనే ఒక ప్రాంతపు పరిపాలన చూసినాడు. ఆ పదేళ్ళ కథ ఇది.

కౌంటీ అనగా స్థూలంగా మన జిల్లా వంటిది. అయితే మన కలెక్టరు ప్రభుత్వము నియమించే అధికారి; అక్కడ కౌంటీని నడిపేవారు ప్రజలు ఎన్నుకొన్నవారు. ఆ రీతిగా చూస్తే అది మన పాత జిల్లా బోర్డుకు, 1959 తరువాతి జిల్లా పరిషత్తుకు దగ్గర. చాల రాష్ట్రాలలో ఆ సభ్యులను కమిషనర్లు అంటారు. మిస్సోరీలో మాత్రము ఆనాడు ఆ సభకు ‘కౌంటీ కోర్టు’ అనీ, సభ్యులకు ‘జడ్జీ’లనీ పేరు. పేరు చూచి మోసపోకూడదు. ఈ జడ్జీలు నేరాలు విచారించరు, తీర్పులు చెప్పరు. పన్నులు విధించుట, రోడ్లు వేయించుట, వంతెనలు కట్టించుట, అనాథ వృద్ధుల గృహాలను పోషించుట, గుమాస్తాల జీతాలు చెల్లించుట వారి పనులు. తరువాతి కాలములో ఆ రాష్ట్రములో కూడ కమిషనరు అనే పేరే స్థిరపడినది.

జాక్సన్ కౌంటీ జడ్జీలు ముగ్గురు. గ్రామాలు ఎక్కువగా ఉన్న తూర్పు భాగానికి ఒకడు, కాన్సాస్ సిటీ మహానగరము ఉన్న పడమటి భాగానికి ఒకడు, మొత్తము కౌంటీకి అధ్యక్ష స్థానములో ఒకడు. 1930 జనాభా లెక్కల ప్రకారము కౌంటీలో సుమారు 4 లక్షల 70 వేల మంది ఉన్నారు. అందులో అధిక సంఖ్యాకులు నగరవాసులే. మట్టిరోడ్ల బాధ పడేది రైతులు. ఓట్ల బలము నగరానిది. ఈ చిక్కు ముందు మాటలకు కూడ పనికివస్తుంది కనుక జ్ఞాపకముంచుకోవలెను.

ట్రూమన్ 1884 మే 8న మిస్సోరీలోని లామార్ గ్రామములో పుట్టినాడు. పెరిగినది ఇండిపెండెన్స్ అనే చిన్న పట్టణములో. చిన్నతనము నుంచి చూపు మందము. దళసరి అద్దాల కళ్ళజోడు పెట్టుకొన్న ఆ పిల్లవాడు తోటివారితో ఆటలకు పోలేక పుస్తకాలకు అంటుకొని పోయినాడు. 1901లో ఉన్నత పాఠశాల చదువు ముగిసినది. ఇంటి ఆర్థిక స్థితి తారుమారైనందున కళాశాల పట్టము లేకుండనే జీవితములో ప్రవేశించినాడు. కొంతకాలము బాంకి గుమాస్తాగా పనిచేసి, 1906 నుంచి పదేళ్ళకు పైగా గ్రాండ్‌వ్యూ వద్ద కుటుంబపు పొలములో నాగలి పట్టినాడు. మొదటి ప్రపంచ యుద్ధములో ఫ్రాన్సు వెళ్ళి ఫిరంగి దళములో ఒక బాటరీకి కెప్టెనుగా పోరాడినాడు. తిరిగివచ్చి, 1919లో బెస్ వాలెస్‌ను వివాహమాడి, సైన్యములోని మిత్రుడు ఎడ్డీ జాకబ్సన్‌తో కలిసి కాన్సాస్ సిటీలో పురుషుల దుస్తుల దుకాణము తెరిచినాడు.

ఆ దుకాణము మూడేళ్ళు కూడ నిలువలేదు. 1921లో ధరలు పడిపోయినవి; 1922లో దుకాణము మూతపడినది. దివాలా దరఖాస్తు పెట్టుకొంటే అప్పులవారి బాధ తప్పేది. ట్రూమన్ ఆ మార్గము తొక్కలేదు. మిగిలిన అప్పును ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తీర్చుకొంటూ వచ్చినాడు. కోట్ల డాలర్ల ప్రజాధనము చేతిమీదుగా నడిపిన కాలములో కూడ ఆయన మెడపై ఆ పాత అప్పు ఉన్నది. ఈ సంగతి తెలియకపోతే తరువాతి కథలోని బరువు తెలియదు.

దుకాణము కూలిన ఆ 1922 సంవత్సరములోనే రాజకీయాలు ఆయన తలుపు తట్టినవి. తట్టినవారు పెండర్‌గాస్ట్ వర్గమువారు.

కాన్సాస్ సిటీలో ఆ రోజులలో అసలు అధికారము టామ్ పెండర్‌గాస్ట్ అనే ఒక వ్యక్తిది. నగరముపై ఆయన పెత్తనము ఏ పదవి వలన వచ్చినదీ కాదు. మెయిన్ స్ట్రీట్‌లో ఒక సాధారణపు మేడమీద కూర్చుని, వచ్చినవారి మొరలు వినేవాడు. పేదవానికి చలికాలములో బొగ్గు, నిరుద్యోగికి ఒక ఉద్యోగము, పండుగనాడు ఆకలిగొన్నవానికి భోజనము ఆయన మనుషులే సమకూర్చేవారు. బదులుగా ఎన్నికలనాడు ఓట్లు పడేవి. ఓట్ల వలన పదవులు, పదవుల వలన కంట్రాక్టులు, కంట్రాక్టుల వలన డబ్బు. ఆ డబ్బుతో మరల బొగ్గు, భోజనము. ఏతపు బానవలె ఆ చక్రము తిరుగుతుండేది. సిమెంటు కాంక్రీటు అమ్మే ఒక పెద్ద కంపెనీ కూడ ఆయనదే. దొంగ ఓట్లు, జూదపు శాలలు, పోలీసుల లంచాలు ఆ రాజ్యములోని మరొక పార్శ్వము.

టామ్ సోదరుడు మైక్ కుమారుడైన జిమ్, యుద్ధములో ట్రూమన్‌తో పనిచేసినాడు. ఆ పరిచయము మీద తూర్పు భాగపు జడ్జి పదవికి ట్రూమన్‌ను నిలబెట్టినారు. ఆ వర్గానికి కావలసినది గ్రామాలలో బంధుబలము, మాజీ సైనికుల ఆదరము, మచ్చలేని పేరు గల మనిషి. ట్రూమన్‌కు కావలసినది ఒక బ్రతుకుతెరువు. పార్టీ ప్రాథమిక ఎన్నికలో ఆయన 300 ఓట్ల లోపు ఆధిక్యతతో బయటపడి, నవంబరులో గెలిచి, 1923 జనవరిలో పదవి స్వీకరించినాడు.

మొదటి రెండేళ్ళలో ఆయన చేసిన పని కౌంటీ నెత్తిమీద పేరుకొన్న అప్పును తగ్గించుట. రోడ్డు పనుల పేరిట జరుగుతున్న దుబారాను అరికట్టినాడు. పత్రికలు కూడ మెచ్చుకొన్నవి. కాని 1924లో డెమోక్రాటిక్ పార్టీ రెండు ముఠాలుగా చీలి ఒకరినొకరు ఓడించుకొన్నారు. కు క్లక్స్ క్లాన్ అనే జాతివిద్వేష సంఘము కూడ ఆయనకు ఎదురు నిలిచినది. ట్రూమన్ ఓడిపోయినాడు. జీవితములో ఆయన పొందిన ఎన్నికల పరాజయము అదొక్కటే. ఇంట్లో ఆ ఏడాదే పుట్టిన పసిబిడ్డ, నెత్తిమీద అప్పు. ఆటోమొబైల్ క్లబ్బుకు సభ్యులను చేర్పిస్తూ కమీషను మీద సంసారము నడిపినాడు.

1926లో మరల అవకాశము వచ్చినది. ఈసారి ముగ్గురు జడ్జీలలో అధ్యక్ష స్థానానికే పోటీచేసి గెలిచినాడు. 1927 జనవరి నుంచి 1934 చివరి వరకు, నాలుగేళ్ళ చొప్పున రెండుసార్లు, జాక్సన్ కౌంటీకి ఆయనే పెద్ద.

అప్పటి రోడ్ల స్థితి వర్ణించవలసినదే. మోటారు వాహనాలు ప్రబలుతున్న కాలమది. కౌంటీలో అనేక రోడ్లపై నూనె, కంకర కలిపి పలుచని పొర పరచి ఊరుకొన్నారు. ఒక చలికాలము గడిచి బరువైన బండ్లు నాలుగు నడిస్తే ఆ పొర పగిలి గుంటలు పడేది. అక్కడివారు వాటిని రొట్టె పైపెచ్చుతో పోల్చి ఎగతాళి చేసేవారు. మనమైతే అప్పడాల రోడ్లని ఉండేవారము. ఏటేటా వాటి మరమ్మతుకు డబ్బు పోసేవారు. ఏటేటా అవి పగిలేవి. మరమ్మతు చేసే కంట్రాక్టరుకు అంతకంటె మంచి రోడ్డు మరొకటి ఉండదు.

ట్రూమన్ మొదట చేసిన పని రోడ్డు వేయుట కాదు, కొలిపించుట. ఇద్దరు ఇంజనీర్లను నియమించినాడు. ఒకరు తన పార్టీకి చెందిన కర్నల్ స్టేటన్. రెండవవారు ప్రతిపక్షమైన రిపబ్లికన్ పార్టీకి చెందిన వీచ్. ఇద్దరూ వృత్తిలో మంచి పేరున్నవారు. పార్టీకొకరిని ఎన్నుకొనుటలోని నేర్పు గమనించదగినది: నివేదిక వచ్చిన తరువాత అది ఒక పక్షపు లెక్క అని అనే అవకాశము ఎవరికీ మిగలలేదు. వారు కౌంటీ అంతా తిరిగి 224 మైళ్ళ పక్కా రోడ్ల పథకము తయారుచేసినారు. అంచనా 65 లక్షల డాలర్లు.

అంత డబ్బు ఖజానాలో లేదు. బాండ్లు జారీచేసి అప్పు తేవలెను. దానికి ఓటర్లలో మూడింట రెండు వంతుల ఆమోదము కావలెను. ఈ సంగతి చెప్పినప్పుడు పెండర్‌గాస్ట్ పెదవి విరిచినాడట. ఆ డబ్బును నేను తినివేస్తానని జనము అనుకొంటారు, ఓట్లు పడవు అన్నది ఆయన అభిప్రాయము. తన కీర్తి ఎట్టిదో ఆ నాయకునికి బాగా తెలుసు! డబ్బు ఏ విధంగా ఖర్చుపెట్టేదీ ముందుగానే ప్రజలకు చెప్పివేస్తాను, చెప్పినట్లు చేస్తాను అని ట్రూమన్ జవాబు. పని తక్కువ ధరకు ముందుకు వచ్చినవానికే దక్కుతుందనీ, పర్యవేక్షణ ఆ ఇద్దరు ఇంజనీర్లదేననీ ఆయన షరతు.

తరువాత ఊరూరా తిరిగినాడు. ఉపన్యాస కళ ఆయనకు లేదు. గొంతు చదునుగా, మాట తొందరగా ఉండేది. చేతిలో పటము, నోట లెక్కలు ఉన్నవి. కౌంటీలో ఏ రైతు పొలమూ పక్కా రోడ్డుకు రెండున్నర మైళ్ళకు మించిన దూరములో ఉండదని మాట ఇచ్చినాడు. పొలాల నుంచి సరుకు నగరానికి సుఖంగా చేరుట నగరానికి కూడ లాభమే గదా అని నగరవాసులకు నచ్చజెప్పినాడు. ఓటింగు జరిగినది 1928 మే 8న. ఆనాటికి ఆయనకు 44 ఏళ్ళు నిండినవి. రోడ్ల బాండ్లకు కావలసినదాని కంటె ఎక్కువ ఆమోదము లభించినది. ముఠా నాయకునికి ఊహకందని విషయము ఒకటి ఆనాడు తేలినది: లెక్క ముందుగా చెప్పినవానిని జనము నమ్ముతారు.

నమ్మకము సంపాదించుట ఒక ఎత్తు, నిలుపుకొనుట మరొక ఎత్తు. టెండర్లు తెరిచినప్పుడు ఆ సంగతి బయటపడినది. ఇంతకాలము కౌంటీ పనులు తమ సొంత ఆస్తిగా భావించిన స్థానిక కంట్రాక్టర్లు మొదటి పనులు బయటి కంపెనీలకు పోవుట చూచి నిర్ఘాంతపోయినారు. బయటివారి ధర తక్కువ, అంతే కారణము. వారు వెళ్ళి పెండర్‌గాస్ట్‌తో మొర పెట్టుకొన్నారు. ఆయన ట్రూమన్‌ను పిలిపించినాడు. ఆనాటి సంభాషణను ట్రూమన్ తరువాతి కాలములో పలుమార్లు చెప్పుకొన్నాడు. ఆయన కథనము ప్రకారము, కంట్రాక్టర్లు గదిలో ఉండగానే తన మాట తాను నిలుపుకోదలచినట్లు చెప్పినాడు. పెండర్‌గాస్ట్ వారివైపు తిరిగి, ఇతడు మిస్సోరీలోకెల్ల మొండివాడని మీకు ముందే చెప్పలేదా అన్న ధోరణిలో మాట్లాడి పంపివేసినాడు. తరువాత, నీవు ప్రజలకిచ్చిన మాట ప్రకారమే నడుచుకొమ్మని ట్రూమన్‌తో అన్నాడు.

అంతటి ముఠా నాయకుడు ఎందుకు ఊరుకొన్నాడు? జవాబు ఊహించుట కష్టము కాదు. ఎక్కడ చూచినా బురద ఉన్నప్పుడు ఒక శుభ్రమైన గోడ ఉంటే దానిని చూపించి ఓట్లు అడగవచ్చును. ట్రూమన్ నిజాయితీ ముఠాకు ఉపయోగపడినది. ముఠా ఓట్లు ట్రూమన్‌కు ఉపయోగపడినవి. ఈ రెండవ సంగతి ఆయనకు జీవితాంతమూ ముల్లువలె గుచ్చుకొంటూనే ఉన్నది.

రోడ్లు పడినవి. ఫ్రాన్సులో యుద్ధకాలమున చూచిన చెట్ల బాటలు జ్ఞాపకము ఉండి, రోడ్ల వెంట మొక్కలు కూడ నాటించినాడు. వాటిలో చాలభాగము బతకలేదు. రైతులకు రోడ్డు మీద ఉన్న ప్రేమ మొక్కల మీద లేకపోయినది. గ్రాండ్‌వ్యూ వద్ద ఒక రోడ్డు ఆయన తల్లి పొలములోనుంచే పోయినది. 11 ఎకరాలు పోయినవి. ఇతర రైతులకు చెల్లినట్లే ఆమెకూ పరిహారము చెల్లించవచ్చును. ఇచ్చే కాగితము మీద సంతకము తనది, పుచ్చుకొనేది తన తల్లి. ట్రూమన్ పరిహారము లేకుండ చేసినాడు. కొడుకు జడ్జి కాకుండా ఉంటే తమకు ఆ డబ్బు వచ్చేది గదా అని ఇంటివారు అనుకొనేవారు. న్యాయంగా రావలసిన డబ్బును వదులుకొనుట ధర్మమా, అతిధర్మమా అని ఎవరైనా అడగవచ్చును. కాని 65 లక్షల డాలర్లు పంచే చేతి నుంచి ఒక్క డాలరు సొంత ఇంటికి పోయినా, మిగిలిన లెక్కను ఎవరు నమ్ముతారు?

1930లో భారీ ఆధిక్యతతో మరల ఎన్నికైనాడు. 1931లో మరిన్ని రోడ్లకు, కొత్త కౌంటీ భవనాలకు ప్రజలు బాండ్లు ఆమోదించినారు. ఈసారి కట్టవలసినది కాన్సాస్ సిటీలో పెద్ద కౌంటీ కోర్టు భవనము. భవనమంటే ఎట్లుండవలెనో తెలుసుకొనుటకు ఆయన సొంత కారులో వేల మైళ్ళు తిరిగి అనేక రాష్ట్రాలలోని ప్రభుత్వ భవనాలను చూచి వచ్చినాడు. లూయిసియానాలో ష్రీవ్‌పోర్ట్ పట్టణపు కోర్టు భవనము ఆయనకు నచ్చినది. దాని శిల్పి ఎడ్వర్డ్ నీల్డ్‌ను సలహాదారుగా తెచ్చుకొన్నాడు. ఇరవై అంతస్తులకు మించిన ఆ భవనానికి 1934 డిసెంబరు 27న ప్రారంభోత్సవము జరిగినది.

భవనము ముందు, కౌంటీకి పేరిచ్చిన ఆండ్రూ జాక్సన్ అశ్వారూఢ విగ్రహము నిలిపినారు. విగ్రహము నిజమైన కొలతలతో ఉండవలెనని ట్రూమన్ టెన్నెసీ రాష్ట్రములోని జాక్సన్ గృహానికి వెళ్ళి, అక్కడ భద్రపరచిన ఆయన దుస్తుల కొలతలు తీసుకొని శిల్పి చార్ల్స్ కెక్‌కు అందజేసినాడు. దుస్తుల దుకాణము నడిపిన అనుభవము వృథా పోలేదన్నమాట! పదేళ్ళ కుమార్తె మార్గరెట్ తెర తొలగించినది. ఆ జాక్సన్ బానిసలకు యజమాని, ఆదివాసులను వారి భూముల నుంచి వెడలగొట్టిన అధ్యక్షుడు. ఆ కారణాన విగ్రహాలు ఉండవలెనా తీసివేయవలెనా అనే ప్రశ్న 2020లో కౌంటీ ఓటర్ల ముందుకు వచ్చినది. ఉంచుటకే ఎక్కువమంది ఓటు చేసినారు. ఒక తరము ప్రేమతో నిలిపిన విగ్రహాన్ని మరొక తరము ప్రశ్నిస్తుంది. అది కూడ ప్రజల హక్కే.

ఇంతవరకు చెప్పినది అందరికీ కనిపించిన కథ. కనిపించని కథ మరొకటి ఉన్నది.

1930 తరువాతి ఆ కాలములో అప్పుడప్పుడు ట్రూమన్ ఇంటికి గాని కచేరికి గాని పోకుండా కాన్సాస్ సిటీలోని పిక్విక్ హోటలులో ఒక గది తీసుకొని తలుపు వేసుకొనేవాడు. తలనొప్పి, నిద్రలేమి, ఉద్యోగాలు కోరి వెంటబడే జనము. వీటినుంచి పారిపోయి ఆ గదిలో కూర్చుని హోటలు కాగితాల మీద తన మనస్సులోని మాటలు రాసుకొన్నాడు. అవి ఎవరికీ చూపుటకు రాసినవి కావు. ఆయన మరణించిన తరువాతనే లోకానికి తెలిసినవి.

వాటిలో తన సహచరులను పేరుపేరున తూలనాడినాడు. అంతకంటె ముఖ్యంగా తన మీద తానే అభియోగము తెచ్చుకొన్నాడు. రోడ్ల బాండ్ల డబ్బు దొంగల పాలు కాకుండా కాపాడుటకు, నాయకుని స్నేహితుడైన ఒక హంతకునికి కౌంటీ సాధారణ నిధి నుంచి దాదాపు 10 వేల డాలర్లు పోవుటను చూచి ఊరకుండవలసి వచ్చినదని రాసుకొన్నాడు. పది వేలు పోనిచ్చి లక్షలు దక్కించినాను; నేను చేసినది సరియైనదేనా, లేక నేరములో నేనూ భాగస్థుడనైనానా అని ప్రశ్నించుకొన్నాడు. నాకు తెలియదు అన్నది ఆయన రాసుకొన్న జవాబు. తాను కోరుకొంటే 15 లక్షల డాలర్లు వెనుకవేసుకొని ఉండవచ్చుననీ, వాస్తవానికి తనవద్ద 150 డాలర్లు కూడ లేవనీ మరొకచోట రాసుకొన్నాడు.

ఉపాధ్యాయులు ఈ ఘట్టమువద్ద కొంచెము ఆగవలెనని నా మనవి. పాఠ్యపుస్తకాలలో మనము పిల్లలకు చూపే మహనీయులకు సందేహాలుండవు. హరిశ్చంద్రుడు రాజ్యము వదిలినాడు, ఆలుబిడ్డలను అమ్ముకొన్నాడు, అబద్ధమాడలేదు. ఆ ఆదర్శము అవసరమే. కాని రేపు ఈ పిల్లలలో ఒకడు పంచాయతీ అధ్యక్షుడో, ఇంజనీరో, గుమాస్తాయో అవుతాడు. ఎదుట నిలిచే ప్రశ్న సత్యమా అసత్యమా అన్నంత తేటగా ఉండదు. చిన్న తప్పును చూచి ఊరకుంటే పెద్ద మేలు జరుగుతుంది. ఎదిరిస్తే పదవి పోయి, పెద్ద దొంగ ఆ కుర్చీలో కూర్చుంటాడు. అప్పుడేమి చేయవలెను? ట్రూమన్ చేసినది ఒప్పని చెప్పుటకు నేను సాహసించను. ముఠా మద్దతుతో పదవిలో నిలిచినవాడు ముఠా పాపములో వంతు లేనివాడు కాజాలడు. కాని తప్పును తప్పుగా, అంకెతో సహా, కాగితము మీద పెట్టుకొన్నవాడు దానికి అలవాటుపడిపోడు. అలవాటుపడుటయే అసలు ప్రమాదము. పది వేలకు మనస్సు నొచ్చుకోనివాడు లక్షకు కూడ నొచ్చుకోడు.

1929 తరువాతి ఆర్థిక మాంద్యము ఆయన రెండవ పదవీకాలాన్ని చేదు చేసినది. పన్నులు రాలేదు. ఖర్చు తగ్గించుటకు ఉద్యోగులను తొలగించవలసి వచ్చినది. తీసివేయబడినవారు ఇంటిముందు బారులు తీరేవారు. మరొక వంక అవే రోడ్ల పనులు, భవనాల పనులు కూలి దొరకని కాలములో చాలమందికి కూడు పెట్టినవి.

1934లో పదవీకాలము ముగియవచ్చినది. పన్నుల వసూలు అధికారి పదవి గాని కాంగ్రెసు సభ్యత్వము గాని లభిస్తుందని ఆయన ఆశించినాడు. నాయకుడు అవి వేరేవారికి కట్టబెట్టినాడు. ఇతరులు నిరాకరించిన తరువాత సెనేట్ అభ్యర్థిత్వము ఆయన వంతుకు వచ్చినది. గెలిచి 1935 జనవరిలో వాషింగ్టన్ చేరిన ఆయనను ‘పెండర్‌గాస్ట్ పంపిన సెనేటరు’ అని వెక్కిరించినారు. ఎన్నో ఏళ్ళు మాట్లాడకుండా పలుకరించనివారు ఉన్నారు.

1939లో పెండర్‌గాస్ట్ ఆదాయపు పన్ను ఎగవేత నేరము ఒప్పుకొని జైలుకు పోయినాడు. ఆ ముఠాపై అంతటి విచారణ జరిగినప్పటికీ ట్రూమన్ తిన్నాడని చూపే ఒక్క డాలరు కూడ బయటపడలేదు. మరుసటి సంవత్సరము ఒక విచిత్రము జరిగినది. గ్రాండ్‌వ్యూ పొలము కౌంటీ పాఠశాలల నిధికి తాకట్టులో ఉన్నది. అప్పు తీరలేదు. ట్రూమన్ ప్రత్యర్థుల చేతిలోకి పోయిన కౌంటీ కోర్టు 1940లో పొలాన్ని జప్తు చేయించినది. 87 ఏళ్ళ తల్లి ఇల్లు విడిచి చిన్న అద్దె ఇంటికి పోవలసి వచ్చినది. అలవాటులేని ఆ ఇంట్లో మెట్ల మీద జారిపడి తుంటి విరుగగొట్టుకొన్నది. ఏ కౌంటీకి ఆమె 11 ఎకరాలు ఉచితముగా పోయినవో ఆ కౌంటీయే మిగిలిన పొలము తీసుకొన్నది. తీసుకొన్నవారు చట్టప్రకారమే తీసుకొన్నారు. ఏళ్ళ తరబడి ఆ కుర్చీలో కూర్చున్నవాని ఇల్లు అట్లున్నది!

1945 జనవరిలో పెండర్‌గాస్ట్ మరణించినాడు. అప్పటికి ట్రూమన్ దేశానికి ఉపాధ్యక్షుడై కొద్దిరోజులే అయినది. జైలుకు పోయివచ్చినవాని అంత్యక్రియలకు ఉపాధ్యక్షుడు పోవుటా అని సలహాదారులు బెదిరినారు. పత్రికలు దుమ్మెత్తిపోసినవి. ఆయన వెళ్ళినాడు. స్నేహానికి విలువ ఇచ్చినాడని మెచ్చుకొన్నవారు ఉన్నారు. పాత ఋణము తీర్చుకొన్నాడని నిందించినవారు ఉన్నారు. రెండూ నిజము కావచ్చును.

కౌంటీలో నేర్చిన పాఠము వ్యర్థము కాలేదు. 1941లో అమెరికా యుద్ధసన్నాహాలలో మునిగి ఉండగా, సైనిక శిబిరాల నిర్మాణములో డబ్బు నీళ్ళవలె పారుతున్నదని విని, ట్రూమన్ తన కారులో బయలుదేరి శిబిరాలు చూచి వచ్చినాడు. వృథాగా పడి ఉన్న సరుకు, పనిలేక కూర్చున్న కూలీలు, ఖర్చు పెరిగినకొద్దీ లాభము పెరిగే కంట్రాక్టులు. ఇవన్నీ ఆయనకు ఎరిగిన ముఖాలే. ఆయన కోరగా సెనేట్ ఒక విచారణ సంఘము వేసి మొదట ఇచ్చిన డబ్బు 15 వేల డాలర్లు. ఆ సంఘము దేశానికి వందల కోట్ల డాలర్లు ఆదా చేసినదని అంచనాలు. దాని మూలముననే ఆయన పేరు దేశమంతటా తెలిసి, 1944లో ఉపాధ్యక్ష పదవికి, రూజ్‌వెల్ట్ మరణముతో 1945 ఏప్రిల్ 12న అధ్యక్ష పదవికి మార్గమైనది. అప్పడాల రోడ్డు పగుళ్ళలో కంట్రాక్టరు లాభాన్ని పసిగట్టిన కన్ను, యుద్ధ కంట్రాక్టులలో కూడ దానినే పసిగట్టినది.

ట్రూమన్ 1953లో పదవి దిగి ఇండిపెండెన్స్‌లోని పాత ఇంటికే తిరిగి వచ్చి, 1972 డిసెంబరు 26న మరణించినాడు. కౌంటీలో ఆయన వేసిన రోడ్లను తరువాతివారు వెడల్పు చేసినారు, కొత్త పొరలు వేసినారు. దారి మాత్రము ఇద్దరు ఇంజనీర్లు కొలిచి గీసిన ఆనాటి దారి. రైతు బండి బురదలో దిగబడలేదు. పిల్లవాడు వానాకాలములో బడి మానలేదు. పదవిలో ఉన్నవాడు ఇచ్చిన మాటను కొలుచుటకు ఇంతకంటె మంచి కొలబద్ద ఏమున్నది?

పిక్విక్ హోటలు గదిలో ఆయన వేసుకొన్న ప్రశ్న మాత్రము తీరలేదు. పది వేలు వదిలి లక్షలు కాపాడినవాడు కాపలాదారుడా, పాలివాడా? ఏ తరగతిలోనైనా ఉపాధ్యాయుడు ఈ ప్రశ్నను నల్లబల్ల మీద రాసి పిల్లలను రెండు పక్షాలుగా కూర్చోబెట్టవచ్చును. గంట కొట్టేసరికి తీర్పు తేలకపోయినా నష్టము లేదు. రేపు పదవి చేపట్టినప్పుడు ఆ పిల్లలు ఆ ప్రశ్నను మరువకుండా ఉంటే చాలును.